మండువా ఇంటికి కొత్త గది కలపాలి, పాత గోడలతో ఏం చేయాలో చెప్పండి

అమలాపురం దగ్గర మా తాతగారు కట్టిన మండువా లోగిలి ఉంది. టేకు స్తంభాలు, పెంకుల కప్పు, సున్నంతో కట్టిన 18 అంగుళాల ఇటుక గోడలు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. పెరట్లో ఉన్న బాత్రూమ్‌కి రాత్రిళ్లు వెళ్లలేకపోతోంది. అందుకే వెనక వైపు అటాచ్డ్ బాత్రూమ్‌తో ఒక గది కలపాలనుకుంటున్నాం.

మేస్త్రి పెంకులు తీసేసి, పాత గోడల మీదే స్లాబ్ వేద్దామంటున్నాడు. ఆర్కిటెక్ట్ గారు మాత్రం వద్దన్నారు. కొత్త గదికి పునాది వేరుగా ఉండాలట, పాత గోడకీ దానికీ మధ్య సందు వదలాలట. కొత్త కట్టడం కాస్త కుంగినా పాత గోడ బీటలివ్వదని వివరించారు. నాకు ఆ మాటే సబబుగా అనిపించింది.

అసలు టెన్షన్ చెమ్మతో. కొన్నేళ్ల కిందట బయట సిమెంట్ పూత వేయించాం. అప్పటినుంచి తడి బయటికి పోక లోపలి వైపు ఉప్పు పొంగుతోంది. దేవుడి గది గోడని వేలితో తాకితే పిండిలా రాలుతుంది. సిమెంట్ చెక్కేసి మళ్లీ సున్నం పూయమన్నారు ఆర్కిటెక్ట్ గారు.

ఇలా చేయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? చెక్కేటప్పుడు పాత ఇటుక దెబ్బతింటుందా? గోదావరి జిల్లాల్లో సున్నం పని తెలిసిన మేస్త్రిలు ఎక్కడ దొరుకుతారు? పాత చూరు, కొత్త స్లాబ్ కలిసే చోట వాన నీళ్లు దిగకుండా మీరేం చేశారు? మండువా మాత్రం మూయించం, అది ఖాయం. వానాకాలంలోపు పని మొదలుపెట్టాలి, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.