శరణార్థి పిల్లలకు చదువు చెప్పే మా బృందం: వాలంటీర్లు నిలవడం లేదు, పిల్లలు తగ్గిపోతున్నారు

సాయంత్రంబడి

అందరికీ నమస్కారం. మాది కాలేజీ విద్యార్థులం కలిసి నడుపుతున్న బృందం, అందరి వయసూ 17 నుంచి 22 మధ్య. వారానికి రెండు సాయంత్రాలు, గంటన్నర చొప్పున శరణార్థి కుటుంబాల పిల్లలకు చదువు చెబుతాం. లైబ్రరీలో ఒక హాలు దొరికింది. 14 మంది వాలంటీర్లు, 31 మంది పిల్లలు. పిల్లలు 6 నుంచి 15 ఏళ్ల వాళ్లు. ఇంటి భాషలు అరబిక్, దారీ (అఫ్గానిస్థాన్ భాష), టిగ్రిన్యా (ఎరిత్రియా, ఇథియోపియాల్లో మాట్లాడేది), ఉక్రెయినియన్. బడి భాష లాటిన్ లిపిలో, అంటే ఇంగ్లిష్ రాసే అక్షరాల్లో ఉంటుంది.

ఇక సందేహాలు. బడి హోంవర్కు చేయిస్తూ పోవాలా, మొదటి నుంచి మొదలుపెట్టాలా? ఏడో తరగతి పిల్లాడు భిన్నాల లెక్కలు పట్టుకొస్తాడు, చూస్తే తీసివేతే రాదు. రెండోది, పరీక్షల నెల రాగానే వాలంటీర్లు సగమైపోతారు, వాళ్ల వెనకే పిల్లలూ మానేస్తారు. మూడోది, భద్రత విషయంలో మేం తప్పకుండా పెట్టుకోవలసిన నియమాలేవి? ఎంతమందికి ఎంతమంది, ఏ కాగితం, ఏది ముందు ఏది వెనక అన్నట్టు చెప్పగలిగితే మాకు బాగా ఉపయోగం.

లెక్కలబల్ల

తరగతిని పక్కన పెట్టి స్థాయి చూడండి. ఒక్కో పిల్లాడికి పది నిమిషాలు చాలు. చదవడానికి నాలుగు మెట్లు: అక్షరాలు, చిన్న పదాలు, నాలుగు తేలిక వాక్యాల పేరా, ఎనిమిది పది వాక్యాల కథ. తడబడకుండా చదివిన చివరి మెట్టే వాడి స్థాయి. లెక్కలకు: 1 నుంచి 9 గుర్తుపట్టడం, రెండంకెల సంఖ్యలు, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. ఇది కొత్త విద్యేమీ కాదు. భారతదేశంలో పిల్లల చదువు, లెక్కలు కొలవడానికి ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో దాదాపు ఇవే మెట్లు. పిల్లల్ని వయసును బట్టి కాక స్థాయిని బట్టి కూర్చోబెట్టే ప్రథమ్ పద్ధతికీ ఇదే పునాది.

శరణార్థి పిల్లల దగ్గర దీనికి ఒక అడుగు కలపాలి. ఇంటి భాషలో చదవడం వచ్చా రాదా అన్నది ముందు తేల్చుకోండి. ఆ భాష తెలిసిన వాళ్లెవరైనా పక్కన కూర్చుని ఒక పేరా చదివిస్తే తెలిసిపోతుంది. ఒక లిపిలో చదవడం వచ్చిన పిల్లకు రెండో లిపి నేర్పడం వేరే పని, బడి మొహమే చూడని పిల్లకు మొదటి అక్షరం దిద్దించడం వేరే పని. ఇద్దరికీ బడి భాషలో సున్నా మార్కులే వస్తాయి కదా అని ఒకే బల్ల దగ్గర కూర్చోబెడితే ఇద్దరూ నష్టపోతారు.

దిద్దేటప్పుడు ఇంకో జాగ్రత్త. చాలా అరబ్ దేశాల్లో వాడే అంకెల్లో అయిదు గుండ్రంగా, మనం రాసే సున్నాలా ఉంటుంది. సున్నా ఒక చుక్క. ఆరు అచ్చం మన ఏడులా కనిపిస్తుంది. ఒక పాప జవాబు దగ్గర చిన్న గుండ్రం, పక్కన చుక్క పెట్టిందంటే అది 50. సరైన జవాబు మీద ఎర్ర ఇంటూ గీశామంటే లెక్క వచ్చిన పిల్లకు రాదని చెప్పినట్టు. దారీ పిల్లల సున్నా కూడా చుక్కే, అయిదు రూపం మాత్రం వేరు. ఉక్రెయిన్ పిల్లలు దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు. భాగహారంలో విభాజ్యానికి కుడిపక్కన మూల గీసి భాజకం రాస్తారు, దాని కిందే భాగఫలం. పద్ధతి మార్చమని మొదటి వారమే పట్టుబట్టకండి. జవాబు సరిగ్గా వస్తోందా చూడండి. బడిలో అడిగే పద్ధతిని తర్వాత పక్కనే రాసి చూపించండి.

లిపి సంగతి కూడా ఇంతే. అరబిక్‌లో హ్రస్వ అచ్చులు మామూలుగా రాయరు. అందుకే ఆ పిల్లలు పదం మధ్యలో అచ్చులు ఎగరగొడతారు. 'ప' ధ్వని ఆ భాషలో లేదు కాబట్టి దాని చోట 'బ' పలుకుతారు, అలాగే రాస్తారు. టిగ్రిన్యా రాసే గీజ్ లిపి మన గుణింతంలాంటిది, అచ్చు అక్షరంలోనే కలిసిపోయి ఉంటుంది. అచ్చుకు విడిగా ఒక అక్షరం రాయాలన్నదే వాళ్లకు కొత్త. ఇవి తెలిసిన ట్యూటర్ తప్పును మందబుద్ధి అనుకోడు, ఏ శబ్దం సాధన చేయించాలో చూసుకుంటాడు.

హోంవర్కు మానేయమని అనను. 90 నిమిషాల్లో మొదటి 10 స్థిరపడడానికి, 35 స్థాయి పాఠానికి, 30 హోంవర్కుకు, 10 పైకి చదవడానికో ఆటకో, చివరి 5 ఆ రోజు ఎక్కడ ఆపారో పిల్ల పేరుమీదున్న కార్డులో రాయడానికి. మీ ఏడో తరగతి బాబుకు ఆ 35 నిమిషాల్లో పుల్లల కట్టలతో పదులు, ఒకట్లు. భిన్నాలు ఆ తర్వాతే.

దారివెంట

లెక్కలబల్ల గారితో ఒక్క చోట ఏకీభవించను. 13 దాటిన పిల్లలకు హోంవర్కే ముందు పెట్టాలి. రేపు పొద్దున తరగతిలో ఖాళీ నోటుపుస్తకంతో లేచి నిలబడాల్సి వస్తుందన్న బెంగ తలలో ఉన్నంతసేపు పుల్లల కట్టలు బుర్రకెక్కవు. పైగా చిన్నపిల్లల సామాను తన ముందు పెట్టడం వాళ్లకు చిన్నతనంగా ఉంటుంది. ముందు 40 నిమిషాలు రేపటి పని, తర్వాత 25 పునాది. పునాదికి కూడా వాళ్ల వయసుకు తగ్గ వస్తువే వాడండి: బస్సు వేళల పట్టిక, దుకాణం బిల్లు.

ఇంకొకటి. మీ దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎవరైనా బడిలో చేరలేదేమో చూడండి. 1951 శరణార్థుల ఒప్పందం 22వ అధికరణం ప్రకారం, దానిలో చేరిన దేశాలు ప్రాథమిక విద్యలో శరణార్థులను సొంత పౌరులతో సమానంగా చూడాలి. చేరని పిల్లకు ట్యూషన్ చెబుతూ కూర్చోవడం కన్నా తల్లిదండ్రులతో కలిసి బడి ఆఫీసుకు వెళ్లి దరఖాస్తు నింపించడం ముందు పని.

జాబితాపుస్తకం

వాలంటీర్లు వెళ్లిపోవడానికి అసలు కారణం వాళ్లను ఎంత కాలానికి పిలిచామో చెప్పకపోవడం. 'వీలైనప్పుడు రండి' అంటే వీలు కానప్పుడు రారు. పది వారాల విడత పెట్టండి. చేర్చుకునే ముందే వాళ్ల పరీక్షల తేదీలు తీసుకుని, విడత దానికి వారం ముందే ముగిసేలా చూసుకోండి. పది వారాలూ రాగలరా అని సూటిగా అడగండి. రాలేని వాళ్లకు పుస్తకాలు సర్దే పని, ఫోన్ల పని ఇవ్వండి, పిల్లల్ని అప్పగించవద్దు.

ఇప్పుడు మీ అంకెలు చూద్దాం. పేర్లు 14 ఉన్నా ఏ సాయంత్రమైనా 10 మంది వస్తారనే లెక్కేసుకోవాలి. అందులో ఒకరు తలుపు దగ్గర హాజరుతో, ఒకరు హాలంతా చూసుకుంటూ ఖాళీగా ఉండాలి. మిగిలింది 8 మంది. ఒక్కొక్కరికి ముగ్గురికి మించి ఇవ్వకూడదు, అంటే 24. మీరు 31 మందితో ఉన్నారు. ఆ లెక్కన ఏడుగురు పిల్లల ముందు కుర్చీ ఖాళీ. ఆ పిల్లలే మానేస్తున్నారు.

ప్రతి చిన్న గుంపుకూ ఇద్దరు ట్యూటర్లను జంటగా పెట్టండి, ఒకరు రాకపోయినా రెండోవారి మొహం పిల్లలకు తెలిసి ఉంటుంది. ఒక్కో పిల్లకూ ఒక కార్డు: పిలుపు పేరు, స్థాయి, ఆపిన పేజీ, వచ్చేసారి చేయాల్సిన ఒక్క పని, 'ముందు ఆట, తర్వాత పుస్తకం' లాంటి చిట్కా ఒకటి. ఆ కార్డు మీద కుటుంబం ఏ దారిన వచ్చింది, కాగితాలు ఏ దశలో ఉన్నాయి, ఎక్కడుంటారు అన్నవి ఎట్టి పరిస్థితిలోనూ రాయకూడదు. కార్డులు హాల్లోనే తాళం పెట్టెలో ఉండాలి.

వెళ్లిపోయే వాలంటీర్ రెండు వారాల ముందే పిల్లలకు స్వయంగా చెప్పాలి. కొత్తవాళ్లు ఆ రెండు వారాలూ పక్కనే కూర్చోవాలి. చెప్పకుండా మాయమైన మనుషులను ఈ పిల్లలు ఇప్పటికే చాలామందిని చూశారు, మన వైపు నుంచి ఇంకొకరు చేరకూడదు.

పరీక్షల నెలలో మూసేయకండి. ఒక్క సాయంత్రానికి తగ్గించి, కథ చదవడం, బల్ల ఆటలు పెట్టండి. మూడు వారాల ముందే ఇళ్లకు చెప్పండి. ఆ రోజు మధ్యాహ్నం 'ఇవాళ లేదు' అని కబురు పెట్టడం ఒకటికి రెండుసార్లు జరిగితే మూడోసారి ఎవరూ రారు. కబురు ఇంటి భాషలో, మాటల రూపంలో పంపండి. చదవడం రాని తల్లిదండ్రులకు రాత సందేశం చేరనట్టే. వరసగా రెండుసార్లు రాకపోతే ఇంటికి ఫోన్ చేయండి. చాలాసార్లు జవాబు చదువు గురించి ఉండదు: ఇల్లు మారారు, చీకటి పడ్డాక పంపడం ఇష్టం లేదు, లేదా అక్క తమ్ముణ్ని చూసుకోవాలి. ఆ చివరిదానికి హాల్లో ఒక చాప, నాలుగు బొమ్మల పుస్తకాలు వేసి తమ్ముణ్నీ రమ్మంటే సరిపోతుంది.

తలుపుదగ్గర

భద్రత గురించి. మీలో 17 ఏళ్ల వాళ్లు ఉన్నారు. 1989 బాలల హక్కుల ఒప్పందం ప్రకారం 18 లోపు అంతా పిల్లలే. కాబట్టి వాళ్లకు కూడా తల్లిదండ్రుల అనుమతి పత్రం కావాలి, వాళ్లను పెద్దవాళ్ల లెక్కలో వేయకూడదు. హాల్లో ఎప్పుడూ కనీసం ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. మీ చోట పిల్లలతో పనిచేసేవారికి చట్టం అడిగే నేర చరిత్ర తనిఖీ మొదటి రోజుకు ముందే పూర్తవ్వాలి.

ఏ ట్యూటరూ పిల్లతో ఒంటరిగా గదిలో ఉండకూడదు, విడిగా ఫోన్ సందేశాలు పెట్టకూడదు, సొంత బండిమీద దింపకూడదు. పిల్లను ఎవరు తీసుకెళ్లవచ్చో పేర్లు ముందే రాయించుకుని, తలుపు దగ్గర సంతకం తీసుకోండి.

ఫొటోలు అసలే వద్దు. కొన్ని కుటుంబాలు ఇంకా తమను వెతుకుతున్న మనుషుల నుంచి దాక్కుని ఉంటాయి. బోర్డు మీద లైబ్రరీ పేరు, దాని ముందు పిల్ల మొహం ఉన్న ఒక్క ఫొటో వాళ్ల చిరునామా ఇచ్చినట్టే. విరాళాల కోసం ఫొటో కావాలంటే పుస్తకాలు, చేతులు, రాసిన పేజీలు తీయండి, పేర్లు కనపడకుండా.

'అక్కడ ఏం జరిగింది?' అని అడగవద్దు. వంశవృక్షం గీయడం, 'మా ఇల్లు', 'సెలవుల్లో ఏం చేశాను' లాంటి వ్యాసాలు మామూలు పిల్లలకు తేలిక, ఈ పిల్లల్లో కొందరికి అవి గాయం మీద వేలు పెట్టడం. బెలూన్లు పగలగొట్టే ఆటలు మానండి. అగ్నిప్రమాద గంట పరీక్షించే రోజు ముందే చెప్పండి. తలుపు కనిపించేలా, వీపు గోడకు ఉండేలా కూర్చుంటానంటే కూర్చోనివ్వండి.

పిల్ల తనంతట తాను ఏదైనా చెప్పుకుంటే వినండి. 'ఎవరికీ చెప్పను' అని మాత్రం మాట ఇవ్వకండి. గుచ్చి గుచ్చి అడగకండి. తను అన్న మాటలు అన్నట్టే రాసి, ఆ రోజే మీరు ముందే ఎంచుకున్న భద్రత బాధ్యురాలికి ఇవ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శి చెప్పేదీ మూడే పనులు: చూడు, విను, తగిన సాయంతో కలుపు. వైద్యం మీ పని కాదు. ఇంట్లో విషయాలు మాట్లాడాల్సి వస్తే పిల్లతో అనువాదం చేయించవద్దు, పెద్దవాళ్లను ఎవరినైనా పిలవండి.

సాయంత్రంబడి

అందరికీ చాలా థాంక్సండీ. కార్డులు, తలుపు దగ్గర సంతకం ఈ వారమే మొదలుపెడతాం. ఒక్కటే మింగుడుపడటం లేదు: 24 అంటే ఏడుగురిని వద్దనాలా?

జాబితాపుస్తకం

ఎవరినీ పంపించకండి, కొత్తవాళ్లను చేర్చుకోవడం మాత్రం ఆపండి. ఇప్పుడున్న 31 మందినీ రెండు జట్లు చేయండి. చిన్నవాళ్లు ముందు 50 నిమిషాలు, పది నిమిషాల విరామం, తర్వాత పెద్దవాళ్లు 50 నిమిషాలు. జట్టుకు 15, 16 మంది. అదే ఎనిమిది మంది ట్యూటర్లతో ఒక్కొక్కరికి ఇద్దరే పడతారు. పాఠం కాస్త కుదించాలి, లెక్కలబల్ల గారి 35 నిమిషాలు 25 అవుతాయి. హాలు మరో 20 నిమిషాలు కావాలి, లైబ్రరీ వాళ్లను ముందే అడగండి. అన్నాచెల్లెళ్లు వేరే జట్లలో పడితే ఒకరికొకరు ఆగాల్సి వస్తుంది, ఆ చాప దగ్గర ఒక వాలంటీర్ రెండు జట్ల సేపూ ఉండాలి. హాలంతా చూసే మనిషికి ఆ పని ఇవ్వకండి, పదకొండో మనిషిని వెతకండి.