ఉద్యోగం చేస్తూ రాసేవారు కవిత్వం, కథ రెండూ పట్టుకోవచ్చునా?

రాయగడ రైల్వే గుమస్తా:

పోయిన నెల మా దగ్గర జరిగిన సాహిత్య సమావేశంలో ఒక పెద్దాయన, ఉద్యోగం చేసుకుంటూ రాసేవాడు కవిత్వానికో కథకో ఏదో ఒకదానికే కట్టుబడాలనీ, రెండూ నెత్తిన పెట్టుకుంటే రెండూ పలచబడతాయనీ ఖండితంగా చెప్పారు. నావి షిఫ్టు డ్యూటీలు. రాత్రి డ్యూటీ దిగి ఇల్లు చేరాక మిగిలే కాసేపట్లో కవిత ఒక కొలిక్కి వస్తుంది గానీ, కథ మాత్రం మళ్ళీ మొదటి పేజీ నుంచి చదువుకుంటే తప్ప ముందుకు కదలదు. పైగా తెలుగు పత్రిక చేతికి అందడమే కష్టమైన ఒడిశా ఊళ్ళో ఉంటున్నవాళ్ళం, మన రాత చూసి మంచిచెడ్డలు చెప్పేవారు దగ్గరలో లేరు. ఆయన మాట ఎంతవరకు నిజమో అనుభవం ఉన్నవారు చెప్పగోరుతాను.

పర్లాకిమిడి విశ్రాంత అధ్యాపకుడు:

ఆయన మాట నాకు సబబుగానే తోస్తోంది. మన చుట్టూ ఉన్న ఒడియా సాహిత్యాన్నే చూడండి. గోపీనాథ్ మహంతి 1938లో పరిపాలనా సర్వీసులో చేరి, కొరాపుట్ కొండల్లో పని చేస్తూ వచన రచనకే కట్టుబడ్డారు. కంధ గిరిజనుల జీవితం మీద ఆయన రాసిన నవలకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, పురిపండా అప్పలస్వామి గారి అనువాదం పుణ్యమా అని ‘అమృత సంతానం’గా మనమూ చదువుకున్నాం. ఐఏఎస్ అధికారులుగా పని చేసిన సీతాకాంత మహాపాత్ర, రమాకాంత రథ్ ప్రధానంగా కవిత్వాన్నే నమ్ముకున్నారు. రెండూ చేసినవారు లేరా అంటే అందరూ ఫకీర్ మోహన్ సేనాపతిని చూపిస్తారు. కానీ 1898లో ‘రేవతి’ కథ అచ్చయ్యే నాటికి ఆయన సంస్థానాల దివానుగిరీ చాలించుకుని కటకంలో స్థిరపడ్డారన్న సంగతి మరచిపోకూడదు. కొలువులో ఉండగా ఆయన తలపెట్టిన రామాయణ అనువాదం వంటి పని రోజుకు కొంత చొప్పున సాగుతుంది. కథ అలా సాగదు. పట్టుమని పది రోజులు వదిలేస్తే పాత్రలు మనకు ముఖం చాటేస్తాయి.

బరంపురం ఉపాధ్యాయిని:

మాస్టారూ, మీరు చెప్పిన సంగతులు కాదనలేనివే. అయితే అవి ఆ మహానుభావుల అభిరుచిని తెలుపుతాయే గానీ, ఉద్యోగస్తులందరికీ వర్తించే నియమాన్ని స్థాపించవు. విజయనగరం సంస్థానంలో కొలువు చేసిన గురజాడ 1910లో ‘ముత్యాల సరాలు’ కవితనూ ‘దిద్దుబాటు’ కథనూ ఒకే పత్రిక ‘ఆంధ్రభారతి’లో ప్రకటించారు. ఒడియా కవిగా 1986 జ్ఞానపీఠం అందుకున్న సచ్చి రౌత్రాయ్ కథలూ నవలా కూడా రాశారు. నన్నడిగితే పేచీ రెండు ప్రక్రియలతో కాదు, ఏ సరుకు దేనిదో తేల్చుకోకపోవడంతో వస్తుంది.

మా ఊళ్ళో రెండేళ్ళకొకసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి జాతర జరుగుతుంది. నేతవారి వీధి నుంచి బయలుదేరిన ఘటం రాత్రుళ్ళు ఊరేగుతుంటే, మొక్కుకున్నవారు ఒళ్ళంతా పసుపూ నలుపూ పూయించుకుని పులివేషం కడతారు. ఒకసారి మా గుమ్మం ముందు ఆడిన పులి అరుగు మీద కూలబడి మంచినీళ్ళు అడిగింది. చెమటకు మెడ దగ్గర చారలు కరిగి ఒకదానిలోకి ఒకటి దిగుతున్నాయి, గ్లాసు పట్టుకున్న చేతి గోళ్ళ సందుల్లో మాత్రం రంగు కాదు, మోటారు గ్రీజు ఉంది. కరిగే చారలు నాకు కవితను ఇచ్చాయి, వేసవి సెలవుల్లో అది పూర్తయింది. గ్రీజు మాత్రం కవితలో ఇమడలేదు. అతని మొక్కు ఎవరి కోసం, ఆ రోజు షెడ్డులో అతని బదులు ఎవరు పని చేశారు, రంగు ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అన్న ప్రశ్నలు వెంటబడ్డాయి. వాటికి జవాబు రోజుల వారీగా, మనుషుల వారీగా చెప్పవలసిందే కాబట్టి అది కథ. కవిత రాసినందువల్ల కథ పలచబడలేదు సరికదా, చారల మీద మోజు అక్కడే తీరిపోవడం వల్ల కథలో వర్ణన కోసం పాకులాడే అవసరం తప్పింది. కవులు రాసే కథల్లో ఆఖరి పేరా ఉన్నట్టుండి రాగం తీయడం మనకు తెలియనిది కాదు. ఆ రాగానికి వేరే చోటు లేకపోవడమే దానికి కారణమని నా అనుమానం.

పర్లాకిమిడి విశ్రాంత అధ్యాపకుడు:

సరుకు తేల్చుకోవాలన్న మాట ఒప్పుకుంటాను అమ్మా. కానీ ప్రశ్న అడిగిన బాబుకు ఉన్న చిక్కు వేళ గురించి. మీ పులివేషగాడి కథ పూర్తయిందా?

బరంపురం ఉపాధ్యాయిని:

కాలేదండీ. మొక్కు ఎవరి కోసమో ఊహించి రెండు రకాలుగా రాసి చూస్తే రెండూ కల్పించినట్టే ఉన్నాయి. వేషాలు కట్టేవారి ఇళ్ళకు వెళ్ళి మాట్లాడితే గానీ ముడి వీడదు, అందుకు బడి గంటలు అడ్డం కావు. రాయగడ వారికి ఒక్క మాట: రాత్రి డ్యూటీ దిగాక కథలో వాక్యాలు రాయకండి. ఆ పాత్ర తరువాత ఎక్కడికి వెళ్తుందో, ఎవరితో ఏ విషయానికి తగాదా పడుతుందో మాత్రం రెండు ముక్కలు రాసి పెట్టుకుంటే, వారాంతపు సెలవు నాడు మొదటి పేజీ నుంచి చదువుకోవలసిన పని ఉండదు. కవితకు మాత్రం వేరే నోటుపుస్తకం పెట్టండి.

రాయగడ రైల్వే గుమస్తా:

నాకు వారాంతపు సెలవు అన్నది లేదు మేడమ్, రోస్టరు ప్రకారం ఏ వారమైనా పడవచ్చు. అయినా ఆ రెండు ముక్కల పద్ధతి ఈ వారం నుంచే మొదలుపెడతాను. ఆగిపోయిన కథలో స్టేషను మాస్టరు కూతురు రైలు ఎక్కిందో లేదో ముందు తేల్చుకోవాలి.