తెల్లవారుజామున తూర్పున వెలిగేది ఏ గ్రహం?

మేడమెట్లు: వారంగా నాలుగున్నరకే మెలకువ వస్తోంది. తూర్పున ఒక చుక్క ఎంతగా వెలుగుతోందంటే, మొదటి రోజు విమానం అనుకుని పది నిమిషాలు నిలబడి చూశాను. కదలలేదు. దానికి పైన ఎర్రటిది మరొకటి ఉంది. రెండూ గ్రహాలేనా?

వేకువపిట్ట: అంత వెలుగైతే వేగుచుక్కే, అంటే శుక్రుడు. ఎర్రటిది మిణుకుమంటోందా, నిలకడగా ఉందా? నక్షత్రం మన కంటికి ఒట్టి బిందువు, గాలి కదిలినప్పుడల్లా దాని వెలుగు చెదురుతుంది. గ్రహానికి కాస్త వెడల్పు ఉంటుంది కాబట్టి అంతగా చెదరదు.

చుక్కలలెక్క: మిణుకును గుడ్డిగా నమ్మకండి. దిగంతానికి దగ్గరగా ఉంటే శుక్రుడు కూడా రంగులు మారుస్తూ మిణుకుమంటాడు. నేనైతే జ్యేష్ఠా నక్షత్రాన్ని కుజుడని రెండు వారాలపాటు అందరికీ చూపించాను! ఎరుపులో రెండూ ఒకటే. దాని గ్రీకు పేరు అంటారెస్‌కు అర్థమే కుజుడికి పోటీ అని, ఆ సంగతి తర్వాత తెలిసింది. ఇప్పుడు చుట్టుపక్కల చుక్కలతో కలిపి కాగితం మీద బొమ్మ గీసుకుంటాను. వారం తర్వాత వాటి మధ్య నుంచి జరిగినదే గ్రహం. శని విషయంలో మాత్రం నెలైనా ఆగాలి.

నిద్రచాలనివాడు: బుధుణ్ణి చూసినవారున్నారా? మూడేళ్లుగా నాకు చిక్కడం లేదు.

వేకువపిట్ట: రెండే సార్లు చూశాను. శుక్రుడు సూర్యుడికి 47 డిగ్రీల దాకా ఎడంగా వెళ్తాడు, బుధుడు 28 దాటడు. చేయి చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. సూర్యోదయానికి ముప్పావు గంట ముందు, దిగంతానికి ఒక పిడికిలి ఎత్తులో వెతకండి. చెట్టో మేడో అడ్డుంటే ఇక అంతే.

చుక్కలలెక్క: బైనాక్యులర్‌తో వెతికేవారు సూర్యుడు తొంగిచూడక ముందే దాన్ని దించేయాలి. కళ్లు పోతాయి.

మేడమెట్లు: బొమ్మ గీసి చూశాను. ఎర్రటిది జరిగింది, కుజుడే! మోచేతులు పిట్టగోడకు ఆనించి బైనాక్యులర్‌తో చూస్తే శుక్రుడు బుల్లి నెలవంకలా కనిపించాడు. 1610లో గెలీలియో గమనించిన కళలు ఇవేనట. ఇక బుధుడి కోసం నీళ్ల ట్యాంకు ఎక్కాలి. ఇంట్లో ఇంకా ఒప్పుకోలేదు.