499 ప్లాన్‌ను అడగకుండానే 699 చేసిండ్రు, స్పీడేమో 94 దగ్గరే ఆగుతుంది, ఏం చేయాలె?

భీమారం, హన్మకొండ నుంచి:
అన్నలు, అక్కలు జర సలహా చెప్పుర్రి. మా ఇంట్ల ఫైబర్ నెట్ పెట్టించి ఇది నాలుగో నెల. 100 ఎంబీపీఎస్ ప్లాన్, 499కి 18 శాతం జీఎస్టీ కలిపి 589 కట్టుకుంట వస్తున్నం. ఈ నెల 825 బిల్లు వచ్చింది. కేబులాయన్ని అడిగితే కంపెనోళ్లు 200 స్పీడుకు మార్చిండ్రు, నా చేతుల ఏం లేదు అంటుండు. మమ్మల్ని ఎవ్వరు అడగలే, ఒక్క మెసేజ్ కూడా రాలే. పోనీ స్పీడన్నా పెరిగిందా అంటే రౌటర్ పక్కనే కూసోని ఎన్నిసార్లు టెస్ట్ పెట్టినా 93, 94, మళ్ల 94, పాత ప్లాన్‌ల కూడా గంతే వచ్చేది. తమ్ముడు ఇంటికాడ్నుంచే డ్యూటీ చేస్తడు కాబట్టి కనెక్షన్ తీసేసుడు కుదరది.

కాజీపేట నుంచి:
తమ్మీ, ప్రతిసారి 94 దగ్గరే ఆగుతుందంటే అది వైఫై సిగ్నల్ సమస్య కాదు, సిగ్నల్ సరిగ లేకపోతే ఒకసారి 40, ఒకసారి 70 అట్ల ఊగుతది. ఎక్కడో లింక్ 100 మీద కట్టేసి ఉన్నట్టు, 100 లింక్ మీద టెస్టుల వచ్చేది ఇంచుమించు 94ఏ. రౌటర్ కింద స్టిక్కర్ చూడు, పోర్టులు 10/100 అని ఉంటే రౌటర్ మార్చుడే. గిగాబిట్ (అంటే 1000 స్పీడ్ దాకా పోయేది) అని ఉంటే ఫైబర్ డబ్బా నుంచి రౌటర్‌కు పోయే ల్యాన్ వైర్ తీసి క్లిప్పును వెలుతురుల పెట్టి చూడు, లోపల రంగు రంగుల తీగలు 8 ఉండాలె, మా ఇంట్ల బిగించినప్పుడు 4 తీగలే పెట్టి మిగతావి కత్తిరించిండ్రు, ఆ నాలుగిటితోని 100 దాటదు, నేను ఆర్నెల్లు కంపెనీనే తిట్టుకున్న.

కరీంనగర్ నుంచి:
స్పీడ్ సంగతి తర్వాత, ముందు పైసల సంగతి చూసుకోర్రి. ఫోన్, నెట్ కంపెనీలకు నియమాలు పెట్టే సర్కారు సంస్థ ట్రాయ్ నియమం ప్రకారం ప్లాన్‌ల చేరిన రోజు నుంచి 6 నెలల దాకా ఆ ప్లాన్ రేటు పెంచొద్దు, మీకు నాలుగో నెలే అంటున్నరు కాబట్టి గట్టిగ అడగొచ్చు. కేబులాయనతోని కొట్లాడితే ఏం రాదు, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఒప్పుకోకుండ ప్లాన్ మార్చిండ్రని కంప్లెయింట్ రాయించి డాకెట్ నంబర్ (అంటే కంప్లెయింట్ నంబర్) తీసుకోర్రి, మొదటి నెల బిల్లు, ఈ నెల బిల్లు రెండూ దగ్గర పెట్టుకోర్రి. జవాబు సరిగ లేకపోతే అదే కంపెనీల అప్పీళ్లు చూసే అప్పిలేట్ అథారిటీ ఉంటది, దానికి ఫీజు లేదు, కానీ డాకెట్ నంబర్ లేకుంటే అప్పీలు తీసుకోరు. చాలామంది సీదా ట్రాయ్‌కి రాస్తరు, ట్రాయ్ ఒక్కొక్కరి కంప్లెయింట్లు చూడదు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌ల కూడా రాయించొచ్చు, తెలుగులనే మాట్లాడొచ్చు.

జగిత్యాల నుంచి:
నెలాఖరుకు మాత్రమే స్లో అయ్యేటోళ్లు డేటా లిమిట్ చూసుకోర్రి, అన్‌లిమిటెడ్ అని రాసినా లోపల ఒక లెక్క ఉంటది, అది దాటితే స్పీడ్ దించుతరు. పై అన్నది ఆ కేసు కాదు.

భీమారం, హన్మకొండ నుంచి:
కాజీపేట అన్నా, మీరు చెప్పినట్టే ఉన్నది, క్లిప్పుల 4 తీగలే, రౌటర్ మాత్రం గిగాబిట్‌దే. నయీంనగర్ల కొత్త ల్యాన్ వైర్ తెచ్చి పెట్టిన, 188 వచ్చింది. కానీ మాకు 100 చాలు, అందుకే కస్టమర్ కేర్‌ల పాత ప్లానే కావాలని రాయించిన. మొదటి రోజు అయితదన్నరు, కాలేదు, రెండోసారి ఫోన్ చేసి డాకెట్ నంబర్ చెప్పినంక 499 ప్లాన్‌కు మార్చినట్టు మెసేజ్ వచ్చింది, ఎక్కువ తీసుకున్న 236 వచ్చే బిల్లుల తగ్గిస్తమన్నరు. డాకెట్ క్లోజ్ అని కూడా చూపెడుతుంది, ఇగ వదిలేయొచ్చా?

కరీంనగర్ నుంచి:
అప్పుడే వదలకుర్రి. మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోర్రి, వచ్చే నెల బిల్లుల ఆ 236 తగ్గినట్టు కనపడకపోతే అదే డాకెట్ నంబర్ చూపెట్టి అప్పీలు పెట్టుర్రి. ఆటో పే పెట్టి ఉంటే జర బంద్ చేయుర్రి, లేకుంటే మీరు బిల్లు చూడకముందే మళ్ల 825 కట్ అయితది.