చెదల మందు కొట్టే పనికి బ్లాగు రాస్తే గిరాకీ వస్తుందా?

తెనాలి పెస్ట్:
అందరికీ నమస్కారం. తెనాలిలో పెస్ట్ కంట్రోల్ చేస్తాను. నేను, ఇద్దరు కుర్రాళ్లు, ఒక ట్రాలీ ఆటో. చెదలు, బొద్దింకలు, నల్లులు, ఏదైనా చేస్తాం. ఇన్నాళ్లూ మేస్త్రీలు, వడ్రంగులు చెప్పిన ఇళ్లే. వాళ్లకు కమీషన్ ఇవ్వాలి, పైగా ఒక మేస్త్రీ వేరేవాళ్ల వైపు తిరిగితే ఆ వీధి మొత్తం పోయినట్టే. పేపర్లో పాంప్లెట్లు పెట్టించాను, పెద్దగా లాభం లేదు.

మా మరదలు డిగ్రీ చదువుతోంది. "బావా, వారం వారం బ్లాగు రాయి, గూగుల్లో వెతికేవాళ్లు నీకే ఫోన్ చేస్తారు" అంటోంది. నాకు రాయడం అంతగా రాదు. అయినా చెదల గురించి వారం వారం రాయడానికి ఏముంటుంది? మందు ఎలా కొట్టాలో అంతా రాసేస్తే వాళ్లే కొట్టుకుంటారేమో అని ఇంకో భయం. తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా? చేసి చూసినవాళ్లు చెప్పండి.

నెల్లూరు ఏసీ సర్వీస్:
టైమ్ వేస్ట్ అన్నా. ఏసీ పాడైతే ఎవరైనా వ్యాసం చదువుతారా? మ్యాప్ తెరిచి, స్టార్లు చూసి ఫోన్ కొడతారు. నువ్వు పని అయిన ప్రతి ఇంట్లో రివ్యూ రాయించుకో, చాలు. మ్యాప్‌లో మన షాపు కనిపించేలా పెట్టుకునే బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు గూగుల్ వాళ్లు ఉచితంగా వెబ్‌సైట్ కూడా ఇచ్చేవారు, 2024 మార్చిలో ఆపేశారు. నాదీ పోయింది. అప్పట్నుంచి ఈ వెబ్‌సైట్ల జోలికి పోలేదు.

ఓరుగల్లు అన్న:
తమ్ముడూ, నాదీ ఇదే పని, హనుమకొండలో. నెల్లూరు ఆయన చెప్పిన రివ్యూల మాట నిజమే, అవి రాయించుకో. కానీ మ్యాప్‌లో వెతికేవాడు మందు కొట్టించాలని అప్పటికే తేల్చుకున్నవాడు. నలుగురికి ఫోన్ చేసి ఎవరు తక్కువ చెబితే వాళ్లను పిలుస్తాడు. వాడికంటే ముందు ఇంకొకడు ఉంటాడు. దర్వాజా పక్కన గోడ మీద సన్నటి మట్టి గీత కనిపించింది. అది చెదో కాదో తెలియదు. ఇంట్లో ఆవిడ టెన్షన్ పడుతోంది. రాత్రి పడుకునే ముందు ఫోన్లో వెతుకుతాడు. బ్లాగు రాయాల్సింది వాడి కోసం.

ఏం రాయాలంటావా, నీకొచ్చే ఫోన్లే రాయి. వాళ్లు అడిగిన మాటనే హెడ్డింగ్‌గా పెట్టు. 'చెదల నివారణ, సమగ్ర సమాచారం' అంటే ఎవరూ ముట్టుకోరు. 'గ్రానైట్ వేశాం, డ్రిల్ చేస్తే పగులుతుందా?', 'పసిపిల్ల ఉంది, మందు కొట్టిన రాత్రి ఇంట్లో పడుకోవచ్చా?', 'మంచం కోడు నుంచి పిండిలా పొడి రాలుతోంది, చెదేనా?' అని పెట్టు. ఆ చివరిది చాలావరకు చెద కాదు, చెక్క పురుగు. మందు వేరు, పని వేరు. అదొక్కటే ఒక పోస్టు అవుతుంది. మట్టి గీత సంగతి ఇంకోటి: గీతను మధ్యలో రెండంగుళాలు గీకేసి నాలుగు రోజులు చూడమను. మళ్లీ కట్టిందా, లోపల చెద ఉన్నట్టే. కట్టకపోయినా పోయిందని నమ్మడానికి లేదు, దారి మార్చుకుని ఉండొచ్చు. ఆ మాట కూడా రాయి.

నాకు ఎక్కువ పని తెచ్చింది ఉసిళ్ల పోస్టు. తొలకరి పడ్డ సాయంత్రం ట్యూబ్‌లైటు చుట్టూ ముసురుతాయి కదా, తెల్లారేసరికి కిటికీ కింద రెక్కల కుప్ప. వానకొచ్చే పురుగులే అని అందరూ ఊడ్చి పారేస్తారు. ఉసిళ్లంటే రెక్కలొచ్చిన చెదలే. బయటి నుంచి లైటుకు వస్తే కంగారు లేదు. తలుపులన్నీ మూసి ఉన్నా గోడ సందులోంచో దర్వాజా అడుగు నుంచో పుట్టుకొస్తుంటే మాత్రం చెద ఇంట్లోనే ఉన్నట్టు. రెక్కల చీమకు నడుము సన్నగా ఉంటుంది, ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి. ఉసిలికి నడుమే తెలియదు, నాలుగు రెక్కలూ ఒకటే పొడవు. రెక్కల పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీశాను, పది వాక్యాలు రాశాను, అంతే పోస్టు. కాకపోతే ఏప్రిల్లోనే పెట్టాను. వాన పడ్డాక పెడితే అది గూగుల్లో పైకొచ్చేసరికి సీజన్ దాటిపోతుంది.

వాళ్లే కొట్టుకుంటారన్న భయం వద్దు. గోడ, నేల కలిసే మూల వెంట 12 ఎంఎం బిట్‌తో రంధ్రాలు వేయడం, ఒక్కోదాంట్లో మందు నింపడం, తెల్ల సిమెంటుతో మూసి రంగు కలపడం, అన్నీ ఫొటోలతో రాశాను. చదివినవాడికి ఇది తన వల్ల కాదని అర్థమవుతుంది. సొంతంగా చేసుకునేవాడు ఎలాగూ కిరోసిన్ పోస్తాడు, చెద పక్క గదిలో తేలాక నిన్నే పిలుస్తాడు. మోతాదులు మాత్రం రాయకు. ఎవరో ఒకరు వంటింటి గిన్నెలో కలుపుతారు.

అసలు లాభం బేరం దగ్గర. చెదల మందు పనికి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 6313, దాని మూడో భాగంలో (కట్టేసిన ఇళ్లకు) రంధ్రానికీ రంధ్రానికీ మధ్య 300 మి.మీ. అని ఉంది, అంటే సుమారు అడుగు. రేటు తగ్గించేవాళ్లు చేసేదేంటో నీకు తెలుసు, రెండడుగులకొకటి వేసి వెళ్లిపోతారు. బ్లాగు చదివినవాడు 'చదరపు అడుగుకు ఎంత?' అనే ముందు 'రంధ్రాలు ఎంత దూరంలో వేస్తారు, ఏ మందు?' అంటాడు. అలా అడిగేవాడితో నేను రేటు గురించి గింజుకోవాల్సిన పని ఉండదు.

తెలుగులోనే రాయి. జనం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు కాబట్టి హెడ్డింగ్ కింద అలా ఒక లైను పెట్టు. ఏ మాటలు కొట్టి వచ్చారో గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్ అనే టూల్‌లో కనిపిస్తుంది, అది ఉచితం. బ్లాగు పెట్టుకునే గూగుల్ వాళ్ల బ్లాగర్ కూడా ఉచితమే, కానీ డొమైన్, అంటే సైటు అడ్రసు, నీ పేరున కొనుక్కో, నెల్లూరు ఆయనకు జరిగింది నీకు జరగదు. టైపింగ్ రాకపోతే మైకు నొక్కి మాట్లాడు, తర్వాత మరదలు దిద్దుతుంది. వారానికొకటి లేకపోయినా నెలకు రెండు పడాలి. మొదట్లో కొన్నాళ్లు ఒక్క ఫోనూ రాదు. అప్పటిదాకా ఆ లింకులు మేస్త్రీలకే వాట్సాప్ చెయ్యి, వాళ్లతో చెడగొట్టుకోకు.

పన్ను లెక్కల పిన్ని:
కాకినాడలో జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేస్తాను. ఓరుగల్లు అన్న చెప్పినవాటికి ఒక్కటి కలుపుతాను: పాత పోస్టులు దిద్దుతూ ఉండాలి. 2025లో రిటర్నుల గడువు జూలై 31 నుంచి సెప్టెంబరు 15కి జరిపారు, చివర్లో ఇంకో రోజు ఇచ్చారు. అలాంటప్పుడు నా పేజీలో పాత తేదీ ఉంటే ఎవరు నమ్ముతారు? మీ మందుల సంగతీ అంతే, వాడే మందు మారితే పోస్టూ మారాలి. లైసెన్సు నంబరు పేజీ కింద వేయండి. ఇది చదివే లాయర్లు, సీఏలు ఎవరైనా ఉంటే జాగ్రత్త, గిరాకీ కోసం ప్రచారం చేసుకోవడంపై మీకు నియమాలున్నాయి. తెనాలి తమ్ముడికి ఆ బాధ లేదు, హాయిగా రాసుకోవచ్చు.

తెనాలి పెస్ట్:
అన్నా, పిన్నీ, చాలా థాంక్స్. మరదలికి చూపించాను. ఇప్పుడు "ఏఐతో ఒక్క రోజులో యాభై పోస్టులు రాయించేద్దాం" అంటోంది. చేయమంటారా? చేసిన ఇళ్ల ఫొటోలు కూడా ఫోన్లో బోలెడున్నాయి, పెట్టేయొచ్చా?

ఓరుగల్లు అన్న:
యాభై వద్దు. జనానికి పనికిరాని పేజీలు కుప్పలుగా వేస్తే స్పామ్ కిందే లెక్క అని 2024 మార్చిలో గూగుల్ నియమం పెట్టింది. అయినా కాలవగట్టు ఇళ్లలో వానాకాలం నేల ఎలా చెమరుస్తుందో, ఏ మూలన మొదట చెద పడుతుందో ఏఐకి ఏం తెలుసు? నీకు తెలుసు. అక్షరదోషాలు దిద్దించుకోండి, అంతవరకే.

ఫొటోలు ఓనర్‌ని అడిగే పెట్టు. ఇంటి నంబరు, ముందువైపు గోడ, మనుషులు పడకూడదు. దగ్గరగా తీసిన మట్టి గీత, రంధ్రం, చెక్క చాలు. ఇల్లు అమ్మకానికి పెట్టినవాడి గోడ నీ బ్లాగులో కనిపించిందంటే మందు డబ్బులు కూడా వెనక్కి అడుగుతాడు.