కాంటెస్సాలో ఇన్నోవా ఇంజను పెట్టాలని ఉంది, పెద్దలు సలహా చెప్పండి

గంటస్తంభం (విజయనగరం):

మా మావయ్య కారు ఇది. 1994 కాంటెస్సా, పెట్రోలు, ఇసుజు 1817 సీసీ ఇంజను, 5 గేర్లు. మావయ్య పోయాక అత్తయ్య తాళాలు నా చేతిలో పెట్టి, "వాకిట్లో దీన్ని చూస్తుంటే ఆయనే గుర్తొస్తున్నారు, తీసుకెళ్లిపో" అంది. మూడేళ్లుగా కంటోన్మెంట్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంటోంది. నిజానికి ఇది స్పోర్ట్స్ కారేమీ కాదు. కానీ పొడవాటి ముక్కు, వెనక చక్రాలకు బలం, నాలుగు గుండ్రటి దీపాలు. చిన్నప్పుడు మా వీధిలో దీన్ని మించిన వేగం లేదు.

గత సిరిమానోత్సవం రోజు చుట్టాలను స్టేషన్‌కు దింపడానికి బయలుదేరాను. జనంలో గంటసేపు మొదటి గేరులోనే పాకాము. నీళ్లు మరిగి బుసబుసమని పొంగాయి. అప్పటినుంచి ఇంజను కుంటుతోంది, తెల్లటి పొగ, రేడియేటరులో బుడగలు. మెకానిక్ నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపల గాలి నొక్కుకునే ఒత్తిడి) చూశాడు. వరసగా 150, 145, 60, 55 పీఎస్‌ఐ. "ఇంజను అయిపోయింది సార్, ఇన్నోవా 2.5 డీజిల్ ఎక్కిద్దాం" అన్నాడు. ఇంజను, గేరుబాక్సు కలిపి లక్షా పదివేలు. పదివేలు అడ్వాన్సు కూడా ఇచ్చేశాను.

అది ఇందులో పడుతుందా? వెనక హౌసింగ్ (వెనక ఇరుసు, దాని పళ్లచక్రాలు ఉండే పెట్టె) పాతదే ఉంచవచ్చా? ఆర్‌సీ సంగతి ఏమిటి? సాలూరు ఘాట్‌లో లారీలను దాటుకుంటూ ఎక్కాలన్నది నా ఆశ, అంతకు మించి ఏమీ లేదు.

పాత పానా (సాలూరు):

బాబూ, అడ్వాన్సు ఇచ్చాక సలహా అడగడం పెళ్లయ్యాక జాతకం చూపించడం లాంటిది. సరే, విను. ముప్పై ఏళ్లు లారీ ఇంజన్లు విప్పినవాణ్ణి.

నువ్వు రాసిన నాలుగు అంకెలూ నేను మూడుసార్లు చదివాను. 1, 2 బాగున్నాయి. 3, 4 రెండూ పడిపోయాయి, అదీ దాదాపు ఒకేలా. పిస్టన్ రింగులు అరిగిన ఇంజను ఇలా పక్కపక్క సిలిండర్లను ఏరుకుని పడిపోదు, అన్నిటిలోనూ కొంచెం కొంచెం తగ్గుతుంది. మరిగిన మర్నాటినుంచే పక్కపక్కనున్న రెండు ఒకేసారి పడిపోయాయంటే నా అనుమానం హెడ్ గాస్కెట్ మీదే, అంటే ఇంజనుకూ దాని మూత లాంటి హెడ్డుకూ మధ్య ఉండే రేకు మీద. ఆ రెంటి మధ్య సన్నటి పట్టీ కాలిపోయి ఒకదాని గాలి ఇంకొకదాంట్లోకి పోతోంది. రేడియేటరులో బుడగలు కూడా అదే చెబుతున్నాయి.

ఒక పని చెయ్యి. 3లోనూ 4లోనూ స్పార్క్ ప్లగ్ కన్నంలోంచి చెంచాడేసి ఇంజను ఆయిల్ పోసి మళ్లీ కొలిపించు. అన్ని ప్లగ్గులూ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, సెల్ఫ్ కొట్టాలి. అంకె బాగా పెరిగితే రింగులు. పెరగకపోతే గాస్కెట్టో, వాల్వులో. ఆయిల్ ఖర్చు ఇరవై రూపాయలు కూడా కాదు.

ఇక ఇన్నోవా మాట. పెట్టలేరని నేను అనను, గునపం, వెల్డింగ్ ఉంటే ఏదైనా పెట్టవచ్చు. ఆ ఇంజను 2494 సీసీ, 102 హార్స్ పవర్, మంచి ఇంజనే. కానీ ముందు కొలతలు. చాంబరు (ఇంజను అడుగున ఆయిల్ ఉండే తొట్టి) లోతు ఎటువైపు ఉంది, అది నీ ముందు క్రాస్ మెంబరుకు, అంటే ఇంజను కింది అడ్డదూలానికి, తగులుతుందా? టర్బో స్టీరింగ్ కాలమ్ పక్కకు వస్తుందా? గేరు రాడ్డు నీ సీటు పక్కన వస్తుందా, డాష్‌బోర్డు కింద దూరుతుందా? ఇవి చూడకుండా మౌంటింగులు వెల్డింగ్ చేసేవాడి దగ్గరికి వెళ్లకు. అది కామన్ రైలు డీజిల్, అంటే డీజిల్ చిమ్మడం కంప్యూటరు చేతిలో ఉంటుంది, కాబట్టి వైరింగు, కంప్యూటరు, తాళం చిప్పు అన్నీ అదే బండివి కలిపి రావాలి. తుక్కు కొట్లో వైరింగును కత్తెరతో కోసి అమ్ముతారు. దాన్ని అతికించడానికి నీకు ఒక ఏడాది పడుతుంది.

వెనక హౌసింగ్ నిష్పత్తి, అంటే చక్రం ఒక చుట్టుకు గేరుబాక్సునుంచి వెనక్కి వచ్చే షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుసా? వెనక రెండు చక్రాలూ లేపి, కింద స్టాండ్లు పెట్టి, న్యూట్రల్‌లో రెండు చక్రాలనూ కలిపి ఒక చుట్టు తిప్పు. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో చాక్‌పీసు గీతతో లెక్కపెట్టు. నాలుగు అనుకుందాం. డీజిల్ ఇంజను నిమిషానికి 4000 చుట్ల దగ్గర ఆయాసపడుతుంది. నేరు గేరులో (ఇంజనూ షాఫ్టూ ఒకే వేగంతో తిరిగే గేరు) చక్రం నిమిషానికి 1000 చుట్లు, టైరు చుట్టుకొలత 1.9 మీటర్లు అయితే గంటకు 114 కిలోమీటర్లు. దానికి పైగేరు ఉంటే ఇంకొంచెం. ఇంత ఖర్చు పెట్టి మామూలు టాక్సీ వేగం కొనుక్కుంటావు.

కొబ్బరితోట (ఆమదాలవలస):

అన్నా, ఇంజను మార్పిడి నేను చేసి చూశాను కాబట్టి చెబుతున్నాను. నాది ప్రీమియర్ పద్మిని, 1089 సీసీ. దాంట్లో మారుతి జిప్సీ 1298 సీసీ ఇంజను, గేరుబాక్సు పెట్టాము. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు చక్రాలకూ బలం పంచే పెట్టె) విడిగా ఉంటుంది కనుక దాన్ని వదిలేసి గేరుబాక్సునుంచి నేరుగా వెనక్కి షాఫ్టు వేయవచ్చు. అందుకే ఆ ఇంజను ఎంచుకున్నాము. పద్మినికి గేరు స్టీరింగ్ దగ్గర ఉంటుంది కదా, నేల కోసి కొత్త గేరు రాడ్డుకు దారి చేయాల్సి వచ్చింది. వానాకాలంలో ఆ కన్నంలోంచి నీళ్లు చిమ్మి మా ఆవిడ చీర పాడైంది. ఆ మాట ఇప్పటికీ వినిపిస్తుంది.

షాఫ్టును లేతులో కోసి కుదించాము. 70 దాటగానే బండి మొత్తం వణికేది. బ్యాలెన్సు చేయించినా తగ్గలేదు. చివరికి తెలిసింది ఏమిటంటే గేరుబాక్సు తోక ఒక కోణంలో, వెనక పినియన్ (హౌసింగ్‌లో షాఫ్టు తగులుకునే పళ్లచక్రం) ఇంకో కోణంలో చూస్తున్నాయి. షాఫ్టు రెండు చివరలా ఉండే క్రాసుల (మడత కీళ్ల) దగ్గర కోణాలు దాదాపు సమానంగా ఉండాలి. గేరుబాక్సు కింద వాషర్లు వేసి లేపాక వణుకు పోయింది. ఆరు నెలలు వృథా. బ్రేకుల సంగతి కూడా మరిచిపోకు. నా పద్మినికి నాలుగూ డ్రమ్ములే, జిప్సీ బలానికి అవి చాలవు.

ఆర్‌సీ దగ్గర మాత్రం మొదట అడగలేదు, అది నా తప్పే. 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించాలి. ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తి ఇంజను నంబరు చూశారు, పుస్తకం చూశారు, నన్ను చూశారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. నీది పెట్రోలునుంచి డీజిల్‌కు, పైగా వేరే కంపెనీ ఇంజను. ముందుగా రవాణా కార్యాలయంలో రాతపూర్వకంగా అనుమతి అడుగు. నా పద్మిని ఇప్పుడు తోటలో కొబ్బరికాయలు మోస్తోంది.

గంటస్తంభం (విజయనగరం):

పానా గారూ, ఆయిల్ పోసి కొలిపించాను. 3లో 60 కాస్తా 65 అయింది, 4లో మార్పు లేదు. నిన్న ఆదివారం మా బావమరిది, నేను కలిసి హెడ్డు దింపాము. 3కీ 4కీ మధ్య గాస్కెట్ వేలెడంత మేర కాలిపోయి నల్లగా ఉంది. హెడ్డు అడుగున స్టీలు స్కేలు ఆనించి చూస్తే 0.15 మిల్లీమీటర్ల మందం రేకు మధ్యలో దూరిపోతోంది. బోరు (సిలిండరు లోపలి గోడ) పైఅంచున గోరు పెట్టి చూశాను, అరుగుదల మెట్టు పెద్దగా తగల్లేదు.

పాత పానా (సాలూరు):

ఇంకేం, బోరు బతికే ఉంది. హెడ్డు వంగింది, సర్ఫేసింగ్ చేయించు, అంటే అడుగు గీకి చదును చేయించు, అలాగే వాల్వులు రుద్దించు. సర్ఫేసింగ్ చేసేవాడికి అవసరమైనంత మాత్రమే తీయమని చెప్పు, ఎక్కువ గీకితే కంప్రెషన్ పెరిగి పెట్రోలు మీద టకటకలాడుతుంది. బోల్టులు మధ్యనుంచి బయటికి, మూడు దఫాల్లో బిగించాలి. కానీ అసలు అది ఎందుకు మరిగిందో తేల్చకుండా కొత్త గాస్కెట్ వేస్తే వచ్చే సిరిమానుకు మళ్లీ ఇక్కడే రాస్తావు. రేడియేటరు విప్పించి లోపలి గొట్టాలు రాడ్డుతో శుభ్రం చేయించు, థర్మోస్టాట్‌ను (వేడెక్కాక నీళ్లకు దారి తెరిచే కవాటం) వేడినీళ్లలో వేసి తెరుచుకుంటోందో లేదో చూడు.

గాస్కెట్ కోసం కాంటెస్సా పేరే పట్టుకుని తిరగకు. అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్‌లోనూ ఇసుజు 1.8 పెట్రోలు ఇంజనే. పాత గాస్కెట్ చేత్తో పట్టుకెళ్లి, కొత్తదాని మీద పెట్టి, కన్నం కన్నం చూసుకుని కొను. రేపెప్పుడైనా మొత్తం ఇంజనే కావాల్సి వచ్చినా మొదట ఆ అంబాసిడర్‌నే వెతుకు.

గంటస్తంభం (విజయనగరం):

హెడ్డు విశాఖ పంపించాను, బుధవారం వస్తుంది. అడ్వాన్సు మాత్రం వెనక్కి ఇవ్వనంటున్నాడు. పదివేలకు బదులు ఇన్నోవా రేడియేటరు ఇస్తాడట, పాతదానికంటే పెద్దదని చెబుతున్నాడు. తీసుకోనా?

పాత పానా (సాలూరు):

టేపు పట్టుకుని వెళ్లు. కొలిచాక ఫోటో పెట్టు, అప్పుడు చెబుతాను.