మినీడిస్క్ కనుమరుగు కావడానికి ఐపాడ్ ఒక్కటే కారణమా?

ప్రశ్న: వేణుగానం

మా పెదనాన్నగారు 1990ల చివర్లో జపాన్‌లో ఉద్యోగం చేసి తిరిగి వస్తూ ఒక మినీడిస్క్ వాక్‌మన్‌ను, దానితో పాటు ఒక పెట్టెడు డిస్కులను తెచ్చుకున్నారు. ఇప్పుడు అవి నా దగ్గర ఉన్నాయి. డిస్కు ప్లాస్టిక్ తొడుగులో భద్రంగా ఉంటుంది కాబట్టి గీతలు పడవు, నడుస్తూ విన్నా పాట తెగదు, ఒక పాటను చెరిపి మరొకటి ఎక్కించుకోవచ్చు, పాటల వరుసను కంప్యూటర్ అవసరం లేకుండా ఆ యంత్రంలోనే మార్చుకోవచ్చు. క్యాసెట్‌తోనూ సీడీతోనూ మనం పడిన ఇబ్బందులన్నిటికీ ఇందులో పరిష్కారం ఉన్నట్టే కనిపిస్తోంది. యాపిల్ సంస్థ పాటల యంత్రం ఐపాడ్ వచ్చింది, ఇది పోయింది అని చాలామంది ఒక్క మాటలో తేల్చేస్తారు. కాని మినీడిస్క్ జపాన్‌లో అమ్మకానికి వచ్చింది 1992 నవంబరులో, ఐపాడ్ వచ్చింది 2001 అక్టోబరులో. మధ్యలో ఉన్న ఆ తొమ్మిదేళ్లూ చాలక అది ఎందుకు వెనకబడింది? మన దేశంలో దాని పేరైనా ఎందుకు వినబడలేదు?

మరో సంగతి కూడా అడగాలి. కొన్ని డిస్కుల మీద మా ఇంటి పెద్దవాళ్లు పాడిన మంగళహారతులు ఉన్నాయి, మైకు పెట్టి రికార్డు చేసినవి. వాటిని కంప్యూటర్‌లోకి తెచ్చుకునే దారి ఉంటే తెలియజేయగలరు.

సమాధానం: పాతరేడియో

వేణుగానం గారూ, మీ అనుమానం సరైనదే. ఐపాడ్ వచ్చేనాటికే జపాన్ బయట మినీడిస్క్ ఆట దాదాపు ముగిసింది. నా ఉద్దేశంలో దానికి మూలకారణం పోటీదారులు కాదు, ఆ యంత్రాన్ని తయారు చేసిన సోనీ సంస్థే అమ్మే పాటలకు కూడా యజమాని కావడం. సోనీ 1988లో అమెరికాలోని సీబీఎస్ రికార్డ్స్‌ను దాదాపు 200 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. అప్పటినుంచి ఒకే కప్పు కింద, జనం ఎంత ఎక్కువగా రికార్డు చేసుకుంటే అంత లాభపడే విభాగం ఒకటి, రికార్డు చేసుకుంటారేమోనని భయపడే విభాగం మరొకటి ఉంటూ వచ్చాయి.

ముందు యంత్రం సంగతి చెబుతాను, ఎందుకంటే అది నిజంగా గొప్ప పనితనం. ఖాళీ డిస్కు మీద రాసేటప్పుడు కింది నుంచి లేజరు ఒక సూక్ష్మమైన చుక్కను, దాని అయస్కాంత గుణం సడలేంత వేడి చేస్తుంది. అదే క్షణంలో పైనుంచి అయస్కాంత హెడ్డు ఆ చుక్క దిశను నిర్ణయిస్తుంది. చల్లారాక ఆ దిశ అలాగే ఉండిపోతుంది కాబట్టి, మామూలు అయస్కాంతం దగ్గరికి వచ్చినా క్యాసెట్ టేపులా చెడిపోదు. చదివేటప్పుడు తక్కువ శక్తి గల లేజరు ఆ దిశల తేడాను కాంతిలో వచ్చే స్వల్పమైన మార్పుగా పసిగడుతుంది. 64 మిల్లీమీటర్ల డిస్కులో సీడీ నాణ్యతను యథాతథంగా 74 నిమిషాలు పట్టించడం అసాధ్యం కనుక, సెకనుకు 1411 కిలోబిట్లు ఉండే ధ్వనిని అట్రాక్ అనే పద్ధతిలో 292 కిలోబిట్లకు కుదించారు. మొదటి తరం యంత్రాల్లో ఈ కుదింపు చెవికి తెలిసేదని నిపుణులు విమర్శించారు. తర్వాతి తరాల్లో అది బాగా మెరుగుపడింది కాని తొలి విమర్శ తొందరగా పోలేదు.

ఇంత సున్నితమైన యంత్రం చవకగా రాదు. మొదటి రికార్డరు ఎంజెడ్-1 అమెరికాలో సుమారు 750 డాలర్లకు వచ్చింది. పైగా అదే 1992లో ఫిలిప్స్, మత్సుషితా కలిసి డీసీసీ అనే డిజిటల్ క్యాసెట్‌ను విడుదల చేశాయి. ఇంట్లో ఉన్న పాత క్యాసెట్లు కూడా ఆ యంత్రంలో మోగేవి. ఏది నిలుస్తుందో తేలక కొనేవాళ్లు రెండింటికీ దూరంగా ఉండిపోయారు. డీసీసీ 1996లో ముగిసింది, కాని ఆ గెలుపు మినీడిస్క్‌కు పెద్దగా ఉపయోగపడలేదు. ముందే పాటలు నింపి అమ్మే డిస్కులను సోనీ సొంత సంస్థ, మరికొన్ని సంస్థలు మాత్రమే కొంతకాలం విడుదల చేశాయి. దుకాణంలో సీడీల అరలు నిండుగా కనిపిస్తుంటే మినీడిస్క్ అర ఒక మూలన ఉండేది.

ఇక కాపీ తీయకుండా ఆపే తాళాల విషయం. డిజిటల్ టేపు మీద రికార్డు కంపెనీలు చేసిన పోరాటం ఫలితంగా అమెరికాలో 1992 అక్టోబరులో ఒక చట్టం వచ్చింది. ఇళ్లలో వాడే డిజిటల్ రికార్డర్లలో కాపీకి మళ్లీ డిజిటల్ కాపీ తీయకుండా ఆపే ఏర్పాటు తప్పనిసరి అయింది. మినీడిస్క్ ఆ తాళంతోనే పుట్టింది. అంతవరకు అర్థం చేసుకోవచ్చు. అర్థం కానిది ఆ తర్వాతిది. 1993లోనే 140 మెగాబైట్లు పట్టే డేటా మినీడిస్క్‌ను ప్రకటించారు. ఫ్లాపీలో 1.44 మెగాబైట్లకు మించి పట్టని రోజులవి! కాని పాటల డిస్కు వేరు, డేటా డిస్కు వేరు అని గోడ కట్టారు. వాక్‌మన్‌లో వాడే ఖాళీ డిస్కు మీద ఫైళ్లు రాయడం కుదరదు. కొద్దికాలానికే వచ్చిన, కంప్యూటర్ ఫైళ్లు దాచుకునే జిప్ డ్రైవు, 100 మెగాబైట్ల డిస్కుతోనే ఆ చోటంతా ఆక్రమించింది.

2001లో నెట్ఎండీ పేరిట యూఎస్‌బీ తీగ ద్వారా కంప్యూటర్ నుంచి పాటలు ఎక్కించే వీలు కల్పించారు. ఎంపీ3 పాటలున్నవాళ్లు వాటిని సోనీ సాఫ్ట్‌వేర్‌లో అట్రాక్‌గా మార్చుకోవాలి, ఒక పాటను మూడు డిస్కులకు మించి పంపలేరు, నాలుగో డిస్కుకు కావాలంటే ముందు ఒకదాని నుంచి వెనక్కి అప్పగించాలి. సొంత మైకుతో సొంత గొంతును రికార్డు చేసుకున్నా సరే, దాన్ని ఆ తీగ ద్వారా కంప్యూటర్‌లోకి తెచ్చుకోలేరు. పాటను ఫైలుగా చూడటానికి అలవాటుపడుతున్న తరానికి ఇది ఎంత విసుగు పుట్టించి ఉంటుందో ఊహించండి.

సమాధానం: నగోయా తెలుగు

పాతరేడియో గారు చెప్పిన వాస్తవాలతో నాకు పేచీ లేదు కాని, మినీడిస్క్‌ను విఫలమైన వస్తువుగా లెక్కగట్టడం అమెరికా నుంచి చూసేవాళ్ల అలవాటు. ఇక్కడ జపాన్‌లో అది క్యాసెట్ స్థానాన్ని నిజంగానే తీసుకుంది. 2011 నాటికి సోనీ అమ్మిన మినీడిస్క్ వాక్‌మన్‌లే దాదాపు 2 కోట్ల 20 లక్షలు. షార్ప్, పానాసోనిక్, కెన్‌వుడ్ వంటి ఇతర సంస్థల యంత్రాలు ఇందులో చేరలేదు.

ఇక్కడ అది నిలవడానికి కారణం అద్దె సీడీ దుకాణాలు. జపాన్‌లో సీడీ ధర ఎక్కువ, చట్టబద్ధంగా అద్దెకు తెచ్చుకోవడం మాత్రం తేలిక. విద్యార్థులు సీడీని అద్దెకు తెచ్చి, ఇంట్లో ఉన్న చిన్న కాంపోనెంట్ సిస్టంలో ఒక పక్క సీడీ, మరో పక్క మినీడిస్క్ పెట్టి ఒక్క బటన్‌తో ఎక్కించుకొని, సీడీని తిరిగి ఇచ్చేసేవారు. కార్లలోనూ మినీడిస్క్ ప్లేయర్లు ఉండేవి. ఈ గొలుసులో కంప్యూటర్‌కు ఎక్కడా చోటు లేదన్నది గమనించండి. కాబట్టి పాతరేడియో గారు చెప్పిన తాళాలు ఇక్కడి వాడుకరికి చాలాకాలం తగలనే లేదు.

అయినా ఇక్కడా పోయింది. 2002 చివర్లో ఫోన్లలో పాటల ముక్కలు రింగుటోన్లుగా దించుకోవడం మొదలైంది, 2004 నవంబరులో పూర్తి పాటలే ఫోన్‌లోకి వచ్చేశాయి. చేతిలోని ఫోనే పాటల పెట్టె అయినప్పుడు డిస్కు మార్చుకునే యంత్రం మరొకటి ఎందుకు? సోనీ ఆ తాళాలన్నీ మొదటి రోజే తీసేసినా, డిస్కు మార్చడం అనే పద్ధతి 2005 దాటి బతికేదని నేను అనుకోను. 2000లో వచ్చిన ఎండీఎల్‌పీ పద్ధతిలో నాణ్యత తగ్గించుకుంటే 80 నిమిషాల డిస్కులో 320 నిమిషాలు పట్టేవి. తొలి ఐపాడ్ మాత్రం 5 గిగాబైట్లతో, వెయ్యి పాటలు జేబులో అనే ప్రచారంతో వచ్చింది.

తిరిగి సమాధానం: పాతరేడియో

నగోయా తెలుగు గారూ, జపాన్ విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కాని 2004లో వచ్చిన హై-ఎండీ అనే కొత్త తరం మినీడిస్క్‌ను గుర్తు చేసుకోండి. ఒక్కో డిస్కులో 1 గిగాబైటు, ఎలాంటి కుదింపూ లేని ధ్వని, అదే డిస్కు మీద మామూలు ఫైళ్లు కూడా. 1993లో కట్టిన గోడను సోనీ తన చేతులతోనే కూల్చింది. అప్పటికి ఐపాడ్ మూడు తరాలు దాటింది, ఐపాడ్‌లోకి పాటలు ఎక్కించే ఐట్యూన్స్ సాఫ్ట్‌వేర్ విండోస్ కంప్యూటర్లకు వచ్చేసింది. అప్పుడు కూడా తొలి హై-ఎండీ యంత్రాలు ఎంపీ3ని నేరుగా వాయించలేదు, ఆ సదుపాయం మరుసటి ఏడాది నమూనాలకు గాని రాలేదు. డిస్కు యుగం ఎలాగూ ముగిసేదే అన్న మీ వాదన నిజమే అనుకున్నా, విలేకరులు, రేడియోవాళ్లు, కచేరీలు రికార్డు చేసుకునేవాళ్లు తమ ధ్వనిని తేలిగ్గా బయటికి తీసుకోగలిగి ఉంటే, వాళ్ల చేతుల్లోనైనా అది ఇంకా కొన్నేళ్లు నిలిచేది.

సమాధానం: గుజరాతీ గల్లీ

మన దేశం సంగతి అడిగారు కాబట్టి చెబుతాను. మినీడిస్క్ పుట్టిన 1992లో సోనీకి ఇక్కడ సొంత సంస్థే లేదు, అది 1994 నవంబరులో ఏర్పడింది. కోఠిలోనో, మద్రాసు బర్మా బజారులోనో ఎవరైనా తెప్పించి అమ్మినా, ఖాళీ డిస్కులు మళ్లీ ఎక్కడ దొరుకుతాయన్న ప్రశ్న ఉండేది. అసలు అడ్డంకి మాత్రం ధర కన్నా క్యాసెట్. 1980ల నుంచి టీ-సిరీస్ వంటి సంస్థలు క్యాసెట్ ధరను సామాన్యుడికి అందేలా దించాయి. మనకు నచ్చిన పాటలతో డిస్కు తయారు చేసుకోవడం మినీడిస్క్ గొప్ప అనుకుంటే, ఆ పని మన ఊళ్లలో రికార్డింగ్ షాపులు ముందునుంచే చేస్తున్నాయి. కాగితం మీద పాటల జాబితా రాసి, ఖాళీ క్యాసెట్ ఇస్తే సాయంత్రానికో మర్నాటికో నింపి ఇచ్చేవారు. (ఆ కాపీలు చట్టబద్ధమా అని అప్పట్లో అడిగినవాళ్లు తక్కువ.)

క్యాసెట్ తర్వాత మనం నేరుగా ఎంపీ3 సీడీలకు దూకాము. ఒక్క సీడీలో వందకు పైగా పాటలు, వీసీడీ ప్లేయర్‌లో పెడితే మోగుతాయి, బస్టాండు దగ్గర కూడా దొరుకుతాయి. రెండింటి మధ్య మినీడిస్క్ నిలబడే మెట్టు లేదు.

సమాధానం: తీగలపెట్టె

మంగళహారతుల విషయంలో ఆలస్యం చేయకండి. ముందుగా ప్రతి డిస్కు అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ మీటను జరిపి, కన్నం తెరుచుకునేలా ఉంచండి. అలా ఉంటే పొరపాటున రికార్డు బటన్ నొక్కినా డిస్కు చెరిగిపోదు. వాక్‌మన్‌లో చూయింగ్ గమ్ ఆకారపు పాత బ్యాటరీ ఉంటే వెంటనే తీసివేయండి, అది కారి లోపలి రేకులను తినేస్తుంది. చాలా నమూనాలకు మామూలు పెన్సిల్ సెల్ పెట్టే బయటి డబ్బా ఉండేది, అది దొరికితే పని నడుస్తుంది.

అన్నిటికన్నా సులువైన మార్గం, హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ లైన్-ఇన్‌కు (బయటి ధ్వనిని లోపలికి తీసుకునే రంధ్రానికి) తీగ కలిపి, పాట మోగుతున్నంతసేపూ రికార్డు చేసుకోవడం. ఇంట్లో పెట్టుకునే మినీడిస్క్ డెక్కు ఎవరిదగ్గరైనా ఉంటే, దాని ఆప్టికల్ అవుట్‌పుట్ ద్వారా డిజిటల్‌గానే తీసుకోవచ్చు, నాణ్యత కొంత మెరుగు. డిస్కు నుంచి నేరుగా ఫైలుగా బయటికి రావడానికి సోనీ చూపిన దారి 2006లో విడుదల చేసిన ఎంజెడ్-ఆర్‌హెచ్1. పాత పద్ధతిలో చేసిన రికార్డింగులను యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు పంపడానికి సోనీ అనుమతించిన వాక్‌మన్ అదొక్కటే, అందుకే ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనూ ధర మండిపోతోంది. సోనీ పాత సాఫ్ట్‌వేర్ కోసం వెతకనక్కరలేదు. అభిమానులు తయారు చేసిన వెబ్ మినీడిస్క్ ప్రో, క్రోమ్ బ్రౌజరులోనే పనిచేస్తుంది.

కొత్త యంత్రాల మీద ఆశ పెట్టుకోకండి. సోనీ మినీడిస్క్ వాక్‌మన్‌ల సరఫరాను 2011లో, మిగతా మినీడిస్క్ ప్లేయర్లను 2013 మార్చిలో ఆపేసింది, ఖాళీ డిస్కుల తయారీని కూడా 2025 ఫిబ్రవరితో ముగించింది. మీ వాక్‌మన్ ఇప్పుడు పనిచేస్తుంటే, ముందు మైకు రికార్డింగులున్న డిస్కులనే ఎక్కించుకోండి. సినిమా పాటలు ఎక్కడైనా దొరుకుతాయి.